పావుకిలో పనితనం

బోధన్‌లో, శక్కర్‌నగర్ పక్కన, ఒక గది, వంటకు చిన్న వార ఉన్న ఇంట్లో ఒక పెద్దమనిషి ఉంటాడు. మా బాపుతో కలిసి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు కనక నాకు పెద్దబాపు. పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది. కొడుకు దుబాయిలో, బిడ్డ అత్తగారింట్లో. ఈ ఆరేళ్లుగా ఆయన కొన్నదీ వండిందీ తిన్నదీ తన ఒక్కడి కోసమే. ఆ వంట చూసి నిజామాబాద్‌కు తిరుగు బస్సెక్కిన ప్రతిసారీ, మంచి నేతగాడి మగ్గం దగ్గర కూర్చుని లేచొచ్చినట్టుంటుంది నాకు.

ఒక్కడికి వండుకోవడం తేలిక అనుకుంటారు, వండి చూడనివాళ్లు. నలుగురున్న ఇంట్లో కొత్తిమీర కట్ట రెండు పూటల్లో అయిపోతుంది. ఒక్కడి ఇంట్లో మూడోనాటికి నల్లబడుతుంది. సొరకాయ కోస్తే నాలుగు రోజులు సొరకాయే. నలుగురికి పప్పు ఉడకాలన్నా ఒక్కడికి ఉడకాలన్నా పొయ్యి ఇంచుమించు అంతసేపూ వెలగాల్సిందే. కాబట్టి ఒంటరివాళ్లు చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు: ఒకసారే బోలెడు వండి మూడు రోజులు అదే తినడం, లేదా హోటలు టిఫిన్లతో సరిపెట్టుకోవడం. మొదటిదానికి విసుగు, రెండోదానికి ఖర్చు. పెద్దబాపు రెండింటి జోలికీ పోలేదు. ఆ తెలివి ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే, ఆయన ఇదివరకు చేసిన పని చెప్పాలి.

ఆయన పాన్‌మ్యాన్. నిజాంసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాక ఈ నేలంతా చెరుకయింది. మంజీర మీద ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ చెరుకును నమ్ముకుని 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. అందులో పాన్‌మ్యాన్ అంటే, చెరుకు రసం చిక్కబడి చక్కెర పలుకుగా మారే చోట నిలబడే మనిషి. గాలి తీసేసిన పెద్ద పాత్రలో పాకం ఉడుకుతుంటుంది. పాన్‌మ్యాన్ ఒక కడ్డీని లోపలికి తోసి, తిప్పి లాగితే దాని గాడిలో కాస్త పాకం వస్తుంది. దాన్ని గాజుపలక మీద పరిచి, దీపానికి ఎదురుగా పట్టి, పలుకు ఎంత కట్టిందో చూస్తాడు. వేళ్ల మధ్య సాగదీసి చిక్కదనం పట్టుకుంటాడు. తొందరపడితే అక్కర్లేని సన్న పలుకు పుట్టి పెద్ద పలుకు ఎదుగుదల పాడవుతుంది. అప్పుడు నీళ్లు కొట్టి దాన్ని కరిగించి మళ్లీ దారికి తెచ్చుకోవాలి. కంటికీ వేళ్లకూ ఇంత పని ఉన్న ఉద్యోగం ఆయనది.

ఆ ఫ్యాక్టరీలో ఏదీ ఊరికే పోయేది కాదు. రసం తీసిన పిప్పి బాయిలరుకు పొయ్యికట్టె. చక్కెర రాని మొలాసిస్ సారా బట్టీకి. వడపోతలో మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు, రసం చిక్కబరిచే పాత్రల వరస. మొదటి పాత్రలో రసం ఉడికి లేచిన ఆవిరి రెండో పాత్రను ఉడికిస్తుంది, రెండోదాని ఆవిరి మూడోదాన్ని. బాయిలరు నుంచి వచ్చిన ఒక్క ఆవిరితో మూడు నాలుగు పాత్రలు నడుస్తాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికే ఆయన రిటైరయ్యాడు. ఆ వరస మాత్రం ఆయన వంటవారలో ఇంకా నడుస్తోంది.

నెలకు ఆయన సరుకుల పెట్టె ఇది. కంట్రోలు దుకాణంలో మనిషికి ఇచ్చే 6 కిలోల బియ్యం, 2025 ఏప్రిల్ నుంచి అవి సన్నబియ్యం. జొన్నలు 4 కిలోలు. కందిపప్పు కిలో, పెసర్లు అరకిలో. పల్లీలు అరకిలో, నూనె లీటరు, చింతపండు పావుకిలో. కారం, ఎల్లిపాయలు, జీలకర్ర ఉండే డబ్బాలు ఎప్పుడూ సగానికి మించి ఉండవు. పసుపు మాత్రం కిరాణంలో కొనడు. ఏటా ఎండాకాలం మొదట్లో నిజామాబాద్ మార్కెట్‌కు ఆర్మూరు వైపు నుంచి పసుపు దిగే రోజుల్లో వచ్చి, అరకిలో కొమ్ములు ఏరి కొనుక్కుపోతాడు. కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, వాసన చూసి తీసుకుంటాడు. గిర్నీలో పట్టించిన ఆ పొడి ఏడాది వస్తుంది.

ఆయన పింఛను భవిష్యనిధి పింఛను. ఆ పథకంలో కనీస మొత్తం 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. ఆయనది దానికంటే కొద్దిగా ఎక్కువ. కొడుకు పంపుతానన్నా మందులకు తప్ప తీసుకోడు. అందుకే కూరగాయలకు కేటాయించిన సొమ్ము వేరే డబ్బాలో ఉంటుంది, అందులోంచి పప్పుకు తియ్యడు.

ఆయన బజారు చేసే తీరు చూడాలి. ఆకుకూరకు పొద్దున పోతాడు, కాయకూరకు దీపాలు పెట్టే వేళ పోతాడు. ఆకు పొద్దెక్కితే వాడుతుంది, పొద్దున్నే కొనాలి. కాయలు సాయంత్రానికి కుప్పలుగా పోసి అమ్మేస్తారు, అమ్మే మనిషికి ఇల్లు చేరాలన్న తొందర ఉంటుంది. అప్పుడు ఆయన ఒక్క కాయకూరే పావుకిలో అడగడు. రెండు వంకాయలు, ఒక దోసకాయ, నాలుగు బెండకాయలు ఏరి, "అన్నీ కలిపి తూకమెయ్యి చెల్లె" అంటాడు. ఏళ్ల తరబడి పోయినవాడు కాబట్టి ఆమె కాదనదు. పోతూపోతూ రెండు కొత్తిమీర రెబ్బలు సంచిలో వేస్తుంది. కట్ట కొనకుండా కొత్తిమీర సంపాదించే ఉపాయం ఇంకోటి నాకు తెలియదు.

ఒకసారి నేనూ వెంట ఉన్నాను. నిగనిగలాడే పెద్ద వంకాయ నేను తీసిస్తే పక్కన పెట్టేశాడు. "తొడిమ చూడు బిడ్డా, మీద ఎంత నిగనిగ ఉన్నా తొడిమ ఎండితే అది నిన్నటిదే" అన్నాడు. చిన్నవి, తొడిమ పచ్చగా ఉన్నవి, చేతికి బరువుగా తగిలేవి ఏరాడు. ఆ బేరంలో మిగిలింది రెండు రూపాయలు కావచ్చు. కోసి పారేసే భాగం లేకపోవడమే అసలు మిగులు.

ఇక పప్పు సంగతి. ఇక్కడే ఫ్యాక్టరీ పనితనం నాకు కళ్లకు కట్టింది. గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు మీద ఆయన వారానికి ముందే గుర్తులు రాసుకుంటాడు. 'కం' అంటే కందిపప్పు పెట్టే రోజు, 'పె' అంటే పెసర్లు. వారానికి రెండు మూడు రోజులే పప్పు పెడతాడు. పెట్టిన ప్రతిసారీ అది మూడు పూటలు తిరుగుతుంది.

రెండు గుప్పెళ్ల పప్పు గంట ముందే నానబోస్తాడు. నానితే పొయ్యి మీద ఉండే సేపు తగ్గుతుంది. చిన్న కుక్కరులో అడుగున పప్పు, మీద గిన్నెలో బియ్యం. ఒక్క మంటకు రెండూ ఉడుకుతాయి. విజిల్ వచ్చాక మంట ఆపి మూత తియ్యడు. లోపలి ఆవిరి దానంతటది దిగేదాకా ఆ వేడి పనిచేస్తూనే ఉంటుంది. చింతపండు మాత్రం పప్పు మెదిగాకే వేస్తాడు. పులుపు ముందు పడితే పప్పు ఉడకనని మొండికేస్తుంది, ఎంత గ్యాసు తగలేసినా పలుకు పలుకుగానే ఉంటుంది.

మూత తీశాక మెదపడు, కదపడు. పైన తేరిన కట్టు గంటెతో మెల్లగా తీసి పక్కన గిన్నెలో పోస్తాడు. అడుగున మిగిలిన చిక్కటి పప్పులో పచ్చిమిరప, ఎల్లిపాయ, పుంటికూరో గంగవాయిలికూరో వేస్తే మధ్యాహ్నం రొట్టెలోకి ముద్దపప్పు. తీసిపెట్టిన కట్టులో చింతపండు రసం, ఉల్లిగడ్డ, కాస్త కారం వేసి మరిగిస్తే రాత్రి అన్నంలోకి చారు. మధ్యాహ్నం మిగిలిన రెండు గంటెల పప్పు చలికాలమైతే తెల్లారి దోసకాయ ముక్కల్లో కలిసి కూరవుతుంది. ఒకే పప్పు, మూడు రుచులు. నిన్న తిన్నదే ఇవాళా తింటున్నానన్న విసుగు నాలుకకు తెలియదు. పోపు కూడా ఒకేసారి పెడతాడు: ఇనుప గంటెలో చెంచాడు నూనె, సగం పప్పులోకి, సగం కట్టులోకి.

ఎండాకాలం ఈ లెక్క మారుతుంది. నిజామాబాద్ ఎండల సంగతి చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఆయన ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆ రోజుల్లో క్యాలెండరు మీద 'ప.పు' అని కనిపిస్తుంది, పచ్చిపులుసు. నానిన చింతపండు పిసికి, నీళ్లు కలిపి, కాల్చిన మిరప, ఉల్లిగడ్డ, జీలకర్ర, చిటికెడు బెల్లం. పొయ్యి అక్కర్లేదు, పాడయ్యేదీ లేదు. మిగిలిన అన్నం రాత్రి చల్లలో పడుతుంది, తెల్లారి ఉల్లిగడ్డతో సద్ది.

నేను గంటసేపైనా చూస్తూ కూర్చోగలిగేది రొట్టె. జొన్నపిండిలో గోధుమపిండికున్న జిగురు లేదు. చన్నీళ్లతో కలిపితే ముద్ద కాదు, తట్టబోతే విరుగుతుంది. అందుకే సలసల కాగిన నీళ్లు పొయ్యాలి. ఆ వేడికి పిండి కొంత ఉడికి, పట్టుకునే గుణం తెచ్చుకుంటుంది. పెద్దబాపు గిన్నె మూత తియ్యకుండా చెవితో వింటాడు. నీళ్లు సన్నగా మొదలుపెట్టి గట్టిగా కొట్టుకునేదాకా ఆగి, అప్పుడు పిండి మధ్య గుంతలో పోస్తాడు. గరిటెతో కలిపి నిమిషం మూతపెడతాడు. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచెయ్యంతా బరువు పెట్టి తోస్తూ మర్దిస్తాడు. వేళ్లకు ఇక్కడ పని లేదు. ముద్ద అంచు పగిలితే వేలు తడిపి ఒక్కసారి రాస్తాడు, అంతే, మళ్లీ నీళ్లు పొయ్యడు.

పీట మీద పిండి చల్లి తట్టడం మొదలుపెడతాడు. ఒక చెయ్యి తడుతుంటే రెండోది అంచును కాపలా కాస్తుంది. ప్రతి దెబ్బకూ రొట్టె ఇంత తిరుగుతుంది, ఆయన తిప్పినట్టు కనబడదు. పెనం మీద వేశాక పైనున్న పొడిపిండిని తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తాడు. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆరాక తిప్పితే పగులుతుంది. గాజుపలక మీద పాకం చూసిన కన్ను ఇక్కడ రొట్టె మీది తడి చూస్తోంది అనిపిస్తుంది నాకు. రెండో పక్క మచ్చలు పడ్డాక నేరుగా మంట మీద పెడితే బూరెలా పొంగుతుంది. రోజుకు రెండే రొట్టెలు. రాత్రిది మిగిలితే దాన్ని చల్లారుతున్న పెనం మీద కరకరలాడేదాకా వదిలేస్తాడు. పొద్దున ముక్కలు చేసి చల్లలో వేసుకుంటే టిఫిన్ ఖర్చు లేదు.

ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100 గ్రాములు ఉన్నాయి. ఆయన పెట్టె ఆ కొలతలో పెడితే ధాన్యం ఎక్కువ, పప్పు తక్కువ, పండు అసలే లేదు. నేను పోరగా పోరగా ఆదివారం, బుధవారం కోడిగుడ్డు పులుసు క్యాలెండరు ఎక్కింది. జామకాయల కాలంలో రోజుకొకటి తినడానికి ఒప్పుకున్నాడు. అరటిపండు డజను కొంటే సగం నల్లబడతాయని ఆయన బాధ. రెండు అమ్మే బండివాళ్లూ ఉంటారని చూపించాక అదీ తీరింది.

కొడుకు సెలవులకు వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి. అంకాపూర్ వెళ్లి నాటుకోడి కూర వండించుకొస్తారు. అక్కడ కోడికి కోడి వండిస్తారు, అది ఒక్కడు తినే కూర కాదు.

దుబాయి గదిలో ఆ కొడుకు వంతుల వంట చేస్తాడు. తన వంతు వచ్చిన రోజు రాత్రి బాపుకు ఫోన్ చేసి, ఎంత పప్పుకు ఎంత నీళ్లు అని అడుగుతాడు. పెద్దబాపు గ్లాసుల్లో చెప్పడు. "పప్పు మీద వేలు పెట్టు, రెండు కణుపులు మునగాలె" అంటాడు.

డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ చుట్టూ గదులు తీసుకుని చదువుకుంటున్న పిల్లలు, ఊరుగాని ఊళ్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఇంట్లో ఒక్కరే మిగిలిన పెద్దలు ఇది చదువుతుంటే ఒక మాట. ఒక చిన్న కుక్కరు, ఒక ఇనుప పెనం, గోడకు ఒక క్యాలెండరు, ముందు ఈ మూడూ సంపాదించండి. జొన్నలు నెలకు సరిపడా కొన్నా, గిర్నీలో వారానికి కిలో మించి పట్టించకండి. పిండి పాతబడితే నీళ్లు ఎంత కాగినా రొట్టె విరుగుతుంది.