ఆటలో అరటిపండు

మొన్న బుధవారం ఇంటర్వెల్లో రెండో తరగతి పిల్లాడొకడు ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నదాన్ని, ఫిర్యాదులు నాకు కొత్త కాదు. గిల్లాడు, పెన్సిల్ తీసుకున్నాడు, మా అమ్మని తిట్టాడు... రోజుకు నలభై వింటాను. వీడు తెచ్చింది మాత్రం వేరే రకం.

"బంతి నాకు తగిలింది టీచర్. అయినా నేను అవుట్ కాదంటున్నారు."

ఆవరణలో ఏడుపెంకులాట నడుస్తోంది. ఐదో తరగతి వాళ్లు నాయకులు. వెళ్లి అడిగితే, అందులో పెద్దవాడు నాకేమీ తెలియదన్నట్టు జాలిగా చూశాడు. "వాడు అరటిపండు కదా టీచర్. అరటిపండుకి అవుటేంటి?"

తెలుగు వీధిలో పెరిగిన ఎవరికీ ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆటలో చేర్చుకోకపోతే ఏడుస్తాడు, చేర్చుకుంటే ఆట పాడవుతుంది. అలాంటి చిన్నవాడికి మన పిల్లలు కనిపెట్టిన పదవి అరటిపండు. పరిగెత్తొచ్చు, అరవొచ్చు, దాక్కోవచ్చు, లెక్కలోకి మాత్రం రాడు. హిందీవాళ్ల పిల్లలు ఇలాంటివాణ్ని పచ్చి నిమ్మకాయ అంటారు. బెంగాలీలకైతే పాలన్నం. ఈ మూడు భాషల్లోనూ వాడి పేరు తినే వస్తువే కావడం నాకు భలే ముచ్చట. పిల్లలు ఏ మనస్తత్వ శాస్త్రమూ చదవకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. నాలుగేళ్లవాడికి అంతకంటే మంచి పదవి లేదు. తాను లెక్కలో లేడన్న సంగతే వాడికి తెలియదు.

ఏడేళ్లవాడికి తెలుస్తుంది. బుధవారం నాటి ఏడుపు అదే. గెలిపించమని కాదు, ఓడిపోనివ్వమని.

ఆరు నుంచి పదకొండేళ్ల దాకా ఉండే ఈ వయసును ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బోసినవ్వుల పాపాయికి ఫొటోలు తీస్తాం. పదమూడేళ్లు రాగానే కంగారు పడతాం. ఈ మధ్యకాలం మాత్రం టిఫిన్ డబ్బా, హోంవర్క్, జలుబు మందుతో గడిచిపోతుంది. ఈ వయసు మొదట్లోనే, ఆరేళ్లప్పుడు, నోట్లో పాలపళ్ల వరసకు వెనకాల మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు. అందుకే చాలామంది తల్లులకు అది వచ్చిన సంగతే తెలియదు. పాలపన్నేలే, పోతే ఇంకోటొస్తుంది అనుకుని పుచ్చిపోనిస్తారు. దంతవైద్యుల శిబిరం పెట్టించినప్పుడల్లా నేను ఈ మాట వింటూనే ఉన్నాను. ఈ వయసులో మనసులో మొలిచేవన్నీ అలాంటివే, ఏమీ ఊడకుండా వెనక నుంచి వస్తాయి.

స్విట్జర్లాండులో జాన్ పియాజే అనే పెద్దమనిషి ఈ మొలకల్ని చూడటానికి గోళీలు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. జెనీవా, నూషాటెల్ పిల్లల దగ్గర తనకు ఆట తెలియనట్టు నటించి, నేర్పమన్నాడు. మధ్యమధ్యలో ఒక చిలిపి ప్రశ్న వేసేవాడు: ఈ రూల్స్ ఎవరు పెట్టారు, మనం మార్చొచ్చా? ఆ పరిశీలనలన్నీ 1932లో పుస్తకంగా వచ్చాయి. చిన్నపిల్లలు రూల్స్ పెద్దలు పెట్టినవనీ, దేవుడు పెట్టినవనీ, మార్చకూడదనీ చెప్పారు. తమాషా ఏమిటంటే, ఆడేటప్పుడు వాళ్లే ఎవడికి తోచినట్టు వాడు ఆడి, చివరికి అందరూ గెలిచామన్నారు. పది దాటినవాళ్లు మాత్రం అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఆ రూల్స్‌ను కచ్చితంగా పాటించిందీ వాళ్లే.

బీఈడీలో ఇది పరీక్ష కోసం బట్టీపట్టాను. ఉద్యోగంలో చేరిన పదేళ్లకు గానీ మా బడి ఆవరణలో అడిగి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఒకటో తరగతి పిల్లను "పెంకులు ఏడే ఎందుకు పెట్టాలే?" అంటే, "మా అన్న చెప్పాడు" అంది. ఎనిమిది పెడదామా అంటే కళ్లు పెద్దవి చేసి, అన్న కొడతాడంది. ఐదో తరగతి వాణ్ని అడిగితే, "తొమ్మిదైనా పెట్టొచ్చు టీచర్, కానీ ఆట మొదలెట్టకముందే అనుకోవాలి. మధ్యలో మారిస్తే తొండి" అన్నాడు. చట్టసభలో కూర్చోబెట్టదగిన వాక్యం అది.

పియాజేతో నాకో పేచీ ఉంది. ఆడపిల్లల ఆటల్లో రూల్స్ పలచగా ఉంటాయని, చట్టం మీద వాళ్లకు మగపిల్లలంత పట్టింపు లేదని ఆయన అన్నాడు. పాపం, ఆయన మా బడి ఆవరణలో తొక్కుడుబిళ్ల చూడలేదు. కాలి మడమ గీత తొక్కిందా లేదా అన్నదాని మీద మా నాలుగో తరగతి ఆడపిల్లలు ఇంటర్వెల్ మొత్తం వాదించుకుని, గంట కొట్టాక లైన్లో నిలబడి కూడా గుసగుసగా ఆ కేసు నడిపించడం నేను చూశాను. ఇలా ఆడపిల్లల్ని మగపిల్లల కొలతతో కొలిచి తక్కువ చేయడం మీద మనస్తత్వవేత్త కరోల్ గిలిగన్ 1982లో పుస్తకమే రాసింది. నేను చదవకముందే ఆవిడతో ఏకీభవించాను.

బడి ఆవరణలోనే బుర్ర ఎదుగుదల కూడా కళ్లముందు కనిపిస్తుంది. మధ్యాహ్న భోజనంలో చిక్కీ ఇచ్చిన రోజు, ఒకటో తరగతి వాడి చిక్కీ విరిగి రెండు ముక్కలైతే తనకు రెండొచ్చాయని ఎగురుతాడు. మూడో తరగతి వాడికి ఆ సంబరం ఉండదు, విరిగినా అదే చిక్కీ అని వాడికి తెలుసు. చింతపిక్కలతో వామనగుంటలు ఆడించి చూడండి. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. ఆరేళ్ల పిల్ల ఏ గుంటలో ఎక్కువ పిక్కలుంటే దాన్ని తీసి సంతోషంగా పంచుకుంటూ పోతుంది. తొమ్మిదేళ్ల పిల్ల ముందు చేయి పెట్టదు. పిక్కలు గుంటలోనే ఉండగా కళ్లతో పంచుతుంది, ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో చూసుకుంటుంది, పెదాలు మాత్రం కదులుతుంటాయి. ఏమీ కదపకుండా మనసులో జరిపి, నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవడం అనే విద్య అది. తీసివేత లెక్కలో అప్పు తెచ్చుకోవడం రావడానికి వెనకున్నదీ అదే. లెక్క రాని పిల్లకు ఇంకో ఇరవై లెక్కలిచ్చే బదులు గుప్పెడు చింతపిక్కలిచ్చిన రోజులు నాకు ఎక్కువ ఫలితమిచ్చాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒక అధికారి ఇదేం బడా, అరుగా అన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇక ఏడుపు. ఒకటో తరగతిలో ఓడినవాడు నోరంతా తెరిచి ఏడుస్తాడు. నాలుగో తరగతిలో ఓడినవాడు గోడవైపు తిరిగి కంట్లో దుమ్ము పడిందంటాడు. మొదటిసారి దుమ్ము పడిన రోజు ఏ తల్లీ డైరీలో రాసుకోదు గానీ, రాసుకోదగ్గ రోజే. తన లోపల ఏముందో ఎదుటివాడికి తెలుస్తుందనీ, తెలియకుండా ఆపొచ్చనీ ఆ రోజుకి వాడికి అర్థమైంది. ఆ దుమ్మును నేను ఊదను. నిజంగానే దుమ్మన్నట్టు, మొహం కడుక్కుని రమ్మంటాను.

ఇంతవరకూ రాసింది చదివితే నేనేదో అన్నీ తెలిసిన టీచర్ననిపిస్తుంది. రెండేళ్ల కిందటి సంగతి కూడా చెప్పాలి.

గుంటూరు వైపు పల్లెల్లో జనవరి వస్తే మిరప కోతలు. కర్నూలు దిక్కు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. అలా వచ్చినవాళ్ల పిల్లాడొకడు నాలుగో తరగతిలో చేరాడు. గుణింతం తడుముకుంటున్నాడు, రెండంకెల తీసివేత రాదు. నాకు జాలేసింది. ఎలాగూ నాలుగు నెలల్లో పోతాడు, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను. ఎక్కాలు అడిగేటప్పుడు వాణ్ని దాటేసి పక్కవాణ్ని అడిగేదాన్ని. తప్పు చేస్తే ఏమీ అనేదాన్ని కాదు. పక్కవాడి నోట్సులోంచి ఎక్కించుకున్న పేజీకి కూడా ఎర్రసిరాతో 'వెరీ గుడ్' రాసేదాన్ని. నా లెక్కలో అది ప్రేమ.

ఒకరోజు వాడి పుస్తకం తిరగేస్తే మూడు పేజీలకు చిల్లులున్నాయి. నేను 'వెరీ గుడ్' రాసిన చోటల్లా రబ్బరుతో రుద్దాడు. ఎర్రసిరా పోదు కదా, కాగితం పోయింది.

వాణ్ని నేనే అరటిపండును చేశాను.

జార్జ్ బార్కర్, శాండ్రా గ్రాహమ్ అనే ఇద్దరు 1987లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తేలికైన లెక్క ఇద్దరు పిల్లలు సరిగ్గా చేస్తారు, టీచరు ఒకణ్నే తెగ మెచ్చుకుంటుంది. ఇంకోచోట ఇద్దరూ తప్పు చేస్తే ఒకణ్నే కోప్పడుతుంది. ఆ వీడియోలు చూపించి, వీళ్లలో తెలివైనవాడెవడని పిల్లల్ని అడిగారు. నాలుగైదేళ్లవాళ్లు మెచ్చుకోలు దొరికినవాడే తెలివైనవాడన్నారు. పదకొండు పన్నెండేళ్లవాళ్లు తిరగేసి చెప్పారు. తేలిక లెక్కకే అంత మెచ్చుకుందంటే టీచరుకు వాడి మీద నమ్మకం లేదు, కోప్పడిందంటే వాడికి వచ్చని ఆవిడకు తెలుసు. ఈ రెంటి మధ్య ఏళ్లలోనే పిల్లలు మన మాటల్ని వదిలేసి, మాటల వెనకున్న అంచనాను చదవడం నేర్చుకుంటారు. మా మిరపతోట పిల్లాడు తెలుగు వాచకం చదవలేకపోయినా నన్ను తప్పులేకుండా చదివాడు.

ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా మనిషి తేల్చుకునేది ఒక్కటే, నేను పనికొస్తానా రానా అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ రాశాడు. 1950లో వచ్చిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో ఆ వయసుకు ఒకవైపు శ్రమించి చేసే ఉత్సాహాన్ని, ఇంకోవైపు న్యూనతను పెట్టాడు. ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు, మాంటిస్సోరి టీచరు సర్టిఫికెట్ మాత్రం ఉంది. అందుకేనేమో ఆయన మాట తరగతి గదికి దగ్గరగా ఉంటుంది.

అయితే మళ్లీ ఫెయిల్ చేయడం మొదలెడితే సరిపోతుందిగా అనేవాళ్లున్నారు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019లో సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వీలు రాష్ట్రాలకిచ్చారు. అందర్నీ పై తరగతికి తోసెయ్యడం అరటిపండు పద్ధతేనని ఒప్పుకుంటాను. కానీ ఫెయిల్‌కీ అవుట్‌కీ పోలికే లేదు. ఏడుపెంకులాటలో అవుటైనవాడు పది నిమిషాలు వేపచెట్టు కింద కూర్చుని, తర్వాతి ఆటలో మళ్లీ అందరితో సమానంగా దిగుతాడు. ఫెయిలైనవాడు ఏడాది పాటు తమ్ముడి వయసు పిల్లల మధ్య కూర్చోవాలి.

ఆ చిల్లులు చూసిన మర్నాటి నుంచి మిరపతోట పిల్లాణ్ని కూడా ఎక్కాలు అడగడం మొదలుపెట్టాను. ఐదో ఎక్కం. ఐదార్లు ఎంతంటే ముప్పై ఐదన్నాడు. "తప్పు, మళ్లీ చెప్పు" అన్నాను. వెనక నుంచి ఎవడో నవ్వాడు, నా గుండె జారింది. వాడు మాత్రం చెవులదాకా ఎర్రబడి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, ముప్పై అన్నాడు. వాడికి ఒత్తులు పూర్తిగా రాకముందే, ఏప్రిల్ మొదటివారంలో కోతలైపోయి వాళ్లు వెళ్లిపోయారు. అంతకుమించి చెప్పడానికి ఆ కథలో విజయమేమీ లేదు. పుస్తకానికి కొత్త చిల్లులు మాత్రం పడలేదు.

బుధవారానికొస్తే, తీర్పు చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. పదేళ్ల కిందటైతే "వాణ్ని కూడా సమానంగా ఆడించండి" అని హుకుం వేసి లోపలికెళ్లేదాన్ని. వాళ్లు రెండు నిమిషాలు ఆడించి, ఆట మానేసేవాళ్లు. ఇప్పుడు రెండే ప్రశ్నలు అడుగుతాను: ఏమైంది? ఏం చేద్దామనుకుంటున్నారు? అడిగి, వినబడేంత దూరంలో నిలబడి, ఇంకేదో పనున్నట్టు నటిస్తాను. ఈ నటన నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ఇంటర్వెల్ మొత్తం పంచాయితీకే పోయింది, ఆ రోజు ఆట జరగలేదు. ఒకడు వీణ్ని తీసేద్దామన్నాడు. ఒక పిల్ల, చిన్నోళ్లకు బంతి మెల్లగా వెయ్యాలంది. మెల్లగా అంటే ఎంత మెల్లగా అని ఇంకొకడు. చివరికి గంట కొట్టేలోపు తేల్చారు: వాడు ఇకమీద అరటిపండు కాదు, కానీ రెండుసార్లు తగిలితేనే అవుట్. వేసవి సెలవుల తర్వాత ఒక్కసారికే అవుట్. ఆ సెలవుల షరతు పెట్టింది ఎవరో కాదు, మా రెండో తరగతి వాడే.

నిన్న వాడు మళ్లీ నా దగ్గరికొచ్చాడు. రెండోసారి బంతి తనకు తగల్లేదట, చొక్కాకు తగిలిందట, వాళ్లు తొండి చేస్తున్నారట.

"నాకెందుకు చెబుతావ్, వెళ్లి వాళ్లతో తేల్చుకో" అన్నాను.

వెళ్లాడు.