ఊరికో బీరువా

మంగళగిరి మండలంలోని పెదవడ్లపూడికి గ్రంథాలయోద్యమ చరిత్రలో ప్రత్యేకమైన చోటుంది. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. డెల్టా ఊళ్లలో అప్పట్లో ప్రయాణమంటే చాలామందికి పడవే. కాలువలో పడవ నడక నిదానం, కూర్చున్నవాళ్లకు బోలెడంత తీరిక. ఆ తీరికను పుస్తకం వైపు మళ్లించవచ్చని తోచడమే ఒక గొప్ప. దుగ్గిరాల పక్కన పెదపాలెంలో పుట్టిన మనిషి, సేవాశ్రమవాణి గ్రంథాలయం పెట్టిన మనిషి, జనం ఎక్కడుంటే పుస్తకాన్ని అక్కడికే పంపించారు.

ఆ పడవ ఎక్కినవాళ్లు ఏం చదివారు? ఏ రేవులో పుస్తకం తీసుకుని ఏ రేవులో తిరిగిచ్చారు? ఏ ఇంటి అటక మీదైనా ఆనాటి చీటీ ఒకటి మిగిలి ఉందా? ఈ ప్రశ్నలు ఊరూరా తిరిగి అడగాల్సింది గ్రంథాలయమే. దొరికిన జవాబును దాచాల్సిందీ అదే.

మన శాఖా గ్రంథాలయాల్లో స్థానిక చరిత్ర అంటే సాధారణంగా ఒక అర. స్థల పురాణం, జిల్లా గెజిటీరు, ప్రముఖుల జీవిత చరిత్రలు దాన్లో ఉంటాయి. అవి ఉండాల్సినవే. కానీ ఊరి చరిత్రలో అచ్చుకెక్కింది కొంచెం. మిగతాదంతా పెళ్లి శుభలేఖల్లో, నాటకాల కరపత్రాల్లో, సహకార సంఘాల పాస్‌బుక్కుల్లో, స్కూలు గ్రూప్ ఫొటోల్లో, మాస్టర్ వీవర్ల ఖాతా పుస్తకాల్లో ఉంది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేటప్పుడు ముందుగా పాతసామాను బండి ఎక్కేవి కూడా ఇవే.

ఊళ్లు తిరిగి ఇలాంటి సంగతులు పోగుచేసే పని తెలుగునేలకు కొత్త కాదు. రెండు శతాబ్దాల కిందట కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులు, వారి మనుషులు ఊళ్లు తిరిగి, కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దలు చెప్పినవి విని కైఫియత్తులు రాయించారు. గుంటూరు సీమ ఊళ్ల గుళ్లు, చెరువులు, మాన్యాలు, తగాదాల గురించి ఈవేళ ఎవరు రాయాలన్నా ఆ కాగితాలు తిరగేయక తప్పదు. అయితే అవి ఊరు దాటి మద్రాసు చేరాయి. తమ గురించి తాము చెప్పుకున్న మాటలు చదవడానికి, అచ్చులోకి వచ్చేదాకా, ఊళ్లవాళ్లు అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

కాగితాన్ని ఊళ్లోనే నిలబెట్టుకున్న చోటు చూడాలంటే చీరాల పక్కన వేటపాలెం వెళ్లాలి. అదీ మంగళగిరిలాగే మగ్గాల ఊరు. 1918లో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించిన సారస్వత నికేతనం వందేళ్లు దాటినా పాత పత్రికలను దాచి ఉంచింది. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేది వాటికోసమే. గాంధీజీ చేతికర్ర కూడా అక్కడుంది. సందర్శకులు దాన్నే ముందు చూస్తారు గానీ, అంతకంటే అపురూపమైనవి ఆ పత్రికలే. చదివేసిన పేపరును కిలోల్లెక్కన అమ్మేసే దేశంలో ఎవరో ఒకరు ప్రతిరోజూ ‘ఇది ఉండనీ’ అనుకుంటేనే అలాంటి నిధి పోగవుతుంది.

మంగళగిరికి ఆ ‘ఉండనీ’ ఇప్పుడు మరీ అవసరం. 2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలైన 29 గ్రామాల్లో నవులూరు, నిడమర్రు, కురగల్లు ఈ మండలంలోవే. ఏ చేను ఎక్కడుండేదో, పూలు కోసి బుట్టలతో ఏ డొంకన బజారుకు వెళ్లేవారో చెప్పగలిగిన వాళ్లు ఇంకా ఉన్నారు. ఊళ్లో చూస్తే గుంట మగ్గాలు తగ్గిపోతున్నాయి. నిజాం బోర్డరు చీర ఫొటో ఎక్కడైనా దొరుకుతుంది. ఆసు పోసిన ఆడవాళ్ల కూలి లెక్క, కండెలు చుట్టిన పిల్లలు ఎన్నో తరగతిలో బడి మానేశారన్న సంగతి దుకాణాల్లో దొరకవు. చీర గురించి రాసినంతగా వాళ్ల గురించి ఎవరూ రాయలేదు. ఈ అన్యాయాన్ని కొంతైనా సరిచేయగలిగింది గ్రంథాలయమే.

దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, ఊరి గ్రంథాలయంలో ఒక బీరువా చాలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు, చివరిరోజు బహుమతులు ఉంటాయి. అందులో ఒక్కరోజును ‘మీ ఇంటి కాగితం తెండి’ అని కేటాయిస్తే చాలు. ఇంగ్లండులో, అమెరికాలో ఎన్నో పబ్లిక్ లైబ్రరీలు చేస్తున్నది ఇదే. తెచ్చినవాళ్ల ఎదుటే స్కాన్ చేస్తారు, అసలు కాగితం అప్పుడే వాళ్ల చేతికి ఇచ్చేస్తారు. ఇంటి జ్ఞాపకాన్ని వదులుకోవాలని ఎవరినీ అడగరు కాబట్టే జనం ధైర్యంగా తెస్తారు.

పనిలో జాగ్రత్తలు మాత్రం కచ్చితంగా ఉండాలి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు వేయకూడదు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడదీయలేం. తుప్పుపట్టిన పిన్నులు తీసేయాలి. ఫొటో వెనక పెన్నుతో రాయకుండా మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయాలి. ఎవరు, ఎక్కడ, సుమారు ఏ సంవత్సరం, ఎవరింటి నుంచి వచ్చింది అన్న నాలుగు సంగతులు లేని ఫొటో యాభై ఏళ్ల తర్వాత ఎవరికీ ఏమీ చెప్పదు. ఎదుటివాళ్ల ఫొటోను పదిమందికీ చూపించవచ్చా అని అడిగి సంతకం తీసుకోవడం కూడా అంతే ముఖ్యం.

1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు గ్రంథాలయాలకు అందాలి. అంటే ఊళ్లో ప్రతి ఇంటికీ ఈ బీరువా మీద హక్కుంది. అక్షరం రాని ఇంటికి కూడా. అలాంటి ఇళ్లకు కాగితంతో పని లేదు, ఫోనులో రికార్డింగు చాలు. ఆసు పోసిన అవ్వ దగ్గర కూర్చుని, ‘రోజుకు ఎంత ఇచ్చేవాళ్లు, ఆ డబ్బు ఎవరి చేతికి వచ్చేది, నువ్వు ఆసు పోసిన చీర నువ్వెప్పుడైనా కట్టావా?’ అని ఇంటర్ చదివే మనవరాలు అడగవచ్చు. ఆ రికార్డింగు ఒక కాపీ మంగళగిరి గ్రంథాలయంలో, ఇంకోటి గుంటూరు జిల్లా గ్రంథాలయంలో, మూడోది అవ్వ ఇంట్లో ఉండాలి.