ఎర్ర టార్చి, మన వేట కథలు

ఈమధ్య మన పిల్లలు రాసిన వేట కథలు కొన్ని చదివాం. మన తాతల వేటలో విల్లు, వల, కుక్క ఉండేవి. ఈ కథల్లో నుదుటికి కట్టుకునే టార్చి ఉంది. దానికి ఎర్ర గాజు కాగితం కట్టాలా, ఆకుపచ్చది కట్టాలా అని కుర్రాళ్లు వాదించుకుంటారు. చివరికి ఎర్రది కట్టినవాడే గెలుస్తాడు. కొత్త వస్తువును కథలోకి తెచ్చినందుకు మెచ్చుకుంటున్నాం. కానీ రాసినవాళ్లు ఆ దీపాన్ని ఒక్కసారైనా వెలిగించి చూశారా అని అనుమానం.

ఒక కథలో దెబ్బతిన్న పంది నెత్తుటి చారను ఎర్ర వెలుతుర్లోనే పట్టుకుని పోతాడు కుర్రాడు. అది కుదరదు. ఎర్ర వెలుతుర్లో నెత్తురు ఎర్రగా తేలదు, ఎండుటాకు మీద తడి మచ్చలా కలిసిపోతుంది.

పందికి, జింకకు ఎరుపు సరిగా ఆనదన్న మాటలో కొంత నిజముంది. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలైతే వాటికి రెండే. అందుకని ఎర్ర వెలుగు వాటికి మసకగా ఉంటుంది. అంతేగాని మాయమైపోదు. పైగా ఆ కాగితం టార్చి వెలుగును చాలావరకు మింగేస్తుంది, మనకూ దూరం కనపడదు. ఆకుపచ్చ మన కంటికి బాగా ఆనుతుంది గాని జంతువుకూ ఆనుతుంది. ఏ రంగు కట్టినా మన చెమట వాసన దాగదు. పందికి ముక్కే కన్ను కదా! ఇంకో మాట. చీకట్లో మెరిసిన కళ్లు పందివో, పొరుగువాడి దూడవో ఆ మసకలో తెలియదు. మనిషి కళ్లు అలా మెరవవు కూడా. పొదచాటున కూర్చున్న మన అన్నే గురి కావచ్చు. ఈ భయం ఒక్క కథలోనూ లేదు.

మరో కథ సోంపేట పక్క జీడితోటల్లో నడుస్తుంది. ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని అందరికీ తెలుసు. మనిషి దగ్గరికొచ్చేదాకా తెలియక ఉలిక్కిపడితేనే ఎలుగు మీద పడుతుంది. అక్కడ తెల్లదీపంతో, మాటలాడుకుంటూ నడవాలి. కథలో కుర్రాడు ఎర్రదీపంతో చప్పుడు లేకుండా పోతాడు. రాసినవాడు దాన్ని ధైర్యమన్నాడు.

ఒక అమ్మాయి బారువ తీరం మీద రాసిన రెండు పేజీలు మాత్రం మాకు బాగా నచ్చాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూడబోయిన పిల్లలు టార్చికి ఎర్ర కాగితం కడతారు. తెల్లదీపం పడితే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోవచ్చు. పిల్ల తాబేళ్లు సముద్రాన్ని వదిలి వెలుగువైపు పాకుతాయి. ఎరుపు వాటికి తక్కువ ఆనుతుంది. మన మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ అక్కడే సముద్రంలో కలుస్తుందని కూడా ఆ అమ్మాయి మరవలేదు. కాగితం అదే, రంగు అదే. అక్కడ జంతువును మోసం చేయడానికి కట్టారు, ఇక్కడ దాని దారి చెడకుండా కట్టారు. కథకు కావలసింది ఈ చూపే.

వేట మన సంస్కృతి కాదా అని కుర్రాళ్లు అడుగుతారు. అవును. విశాఖ మన్యంలో ఇటుకల పండుగ వేట చైత్రంలో, ఊరంతా కలిసి చేసేది. ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. దానికి ఒక కాలముంది, కట్టు ఉంది. రోజూ రాత్రి ఒంటరిగా టార్చి పట్టుకుపోయేదాన్ని ఆ పేరుతో పిలవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడితే, జైలుకెళ్లేది టార్చి అమ్మినవాడు కాదు, మన పిల్లడే. ఆ జైలు గురించి కూడా ఏ కథా చెప్పలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. బడిలో గది చీకటి చేసి, ఎండుటాకు మీద ఎర్ర సిరా చుక్కలు వేసి, ముందు తెల్ల వెలుతుర్లో, తర్వాత ఎర్ర కాగితం కట్టిన టార్చితో పిల్లలకు చూపించండి. కథ ఆ తర్వాత రాయించండి.