స్విచ్‌లో నీరటికాడు

చెరువు కింద సేద్యం ఉన్న ఊళ్లో పెరిగినవాళ్లకు నీరటికాడి విలువ చెప్పక్కర్లేదు. ఏ తూము ఎంత ఎత్తాలో, ఎవరి మడి ముందు తడవాలో అతని చేతికి తెలుసు. నెట్‌వర్క్ స్విచ్‌లో ట్రాఫిక్‌ను తరగతులుగా విడదీసి, ఒక్కోదానికి వేగ పరిమితి కట్టడం అచ్చం ఆ పనే. ఇది కళ కాదనేవాళ్లతో నాకు మాటల్లేవు.

చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఓ కాల్ సెంటర్. ఫోన్లో మాట తెగి తెగి వస్తోంది. యాజమాన్యం అప్పటికే రెండుసార్లు బ్యాండ్‌విడ్త్ పెంచింది. మా గురువుగారు (పేరు రాస్తే ఊరుకోరు) కన్సోల్ కేబుల్ తగిలించి, పది నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా తెర చూసి, రెండు లైన్లు కొట్టారు. మాట తేటపడింది!

జరిగిందేమిటంటే, ఆ తరం సిస్కో కెటలిస్ట్ స్విచ్‌లలో 'ఎంఎల్ఎస్ క్యూఓఎస్' అని కొట్టగానే పోర్టులన్నీ అనుమానపు పక్షులైపోతాయి. ఫోన్ తన ప్యాకెట్ నుదుట 46 అని బొట్టు పెట్టి పంపితే, దాన్ని చెరిపి సున్నా పెడతాయి. ఇక మాటల ప్యాకెట్, సినిమా డౌన్‌లోడ్ ఒకే క్యూలో నిలబడాల్సిందే. ఎవరో మహానుభావుడు ఆ ఒక్క కమాండ్ కొట్టి ఇంటికెళ్లిపోయాడు. గురువుగారు ఫోన్లున్న పోర్టులను ఎంచి, వాటి బొట్టును నమ్మమన్నారు. అంతే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1986 అక్టోబరులో బర్క్‌లీలో 400 గజాల దూరానికి సెకనుకు 32 కిలోబిట్లు పారే దారి 40 బిట్లకు పడిపోయింది. ఆ రద్దీకి వాన్ జాకబ్సన్ మందు కనిపెట్టారు. 1998లో ఐపీ హెడర్‌లోని ఆరు బిట్లను, అంటే 64 గుర్తులను, ఈ బొట్టుకు కేటాయించారు. మన ఐఐటీ బొంబాయిలో చదివిన జార్జ్ వర్గీస్, శ్రీధర్‌తో కలిసి 1995లో చూపించిన 'డెఫిసిట్ రౌండ్ రాబిన్' అనే, క్యూలకు వంతులు పంచే పద్ధతి గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఎన్ని క్యూలున్నా ప్యాకెట్‌కు పట్టే పని పెరగదు. పెద్ద ప్యాకెట్‌కు ఈ విడత వాటా చాలకపోతే, మిగిలింది వచ్చే విడతకు జమ. ఎంత తేలిక, ఎంత న్యాయం!

పని తీరుకొస్తే, క్లాస్ మ్యాప్‌లో ఎవరెవరో గుర్తించాలి, పాలసీ మ్యాప్‌లో ఎవరికేం చేయాలో రాయాలి, తర్వాత దాన్ని పోర్టుకు తగిలించాలి. ఇదంతా ఎవరైనా నేర్చుకోవచ్చు. చెయ్యి తిరిగినవాడెవరో తెలిసేది పోలీసింగ్ దగ్గర, అంటే వేగ పరిమితి కట్టే దగ్గరే. అక్కడ ఓ బకెట్ ఉంటుంది. అందులోకి మీరు చెప్పిన వేగంతో టోకెన్లు పడుతుంటాయి. ప్యాకెట్ తన బరువుకు సరిపడా టోకెన్లు తీసుకుని దాటుతుంది. చాలకపోతే అలుగు మీంచి పోయిన నీళ్లే. వేగం బిట్లలో, బకెట్ బైట్లలో రాయాలి. చెయ్యి తిరగనివాడు దొరికిపోయేది ఇక్కడే. 10 మెగాబిట్ల పరిమితికి 8000 బైట్ల బకెట్ పెట్టి చేతులు దులుపుకుంటాడు. ఇప్పటి సర్వర్ జవాబు కోసం ఆగకుండా మొదటి విడతలోనే పది ప్యాకెట్లు, దాదాపు 15,000 బైట్లు, వదులుతుంది. గిగాబిట్ తీగ మీద అవి కన్ను మూసి తెరిచేలోపే వచ్చిపడతాయి. ఐదు దాటుతాయి, మిగిలినవి గల్లంతు. 'పది ఇస్తామన్నారు, నాలుగూ రావట్లేదే' అని వాడుకరి గోల.

షేపింగే మేలని వాదించేవాళ్లున్నారు. ఆపి, దాచి, మెల్లగా వదలడం ఫైళ్లకు సరే. మాటకు మాత్రం ఆలస్యమైన ప్యాకెట్ కంటే పోయిన ప్యాకెట్టే నయం. నేను పోలీసింగ్ పక్షమే, దాచను.

ఇప్పుడో? స్విచ్ వెబ్ పేజీలో 'క్యూఓఎస్ ఆన్' అని ఓ గడి. టిక్కు పెడితే నిపుణుడట! ఏ తరగతి, ఎంత బకెట్, ఎవరిని నమ్మాలి, ఏమీ అడగదు. అదీ కుదరకపోతే 'బ్యాండ్‌విడ్త్ కొనండి సార్'. రెండు గిగాబిట్ పోర్టులు ఒకేసారి మూడోదాని మీద పడితే బఫర్ మిల్లీసెకన్లలో నిండుతుంది. నెల సగటు చూపించే గ్రాఫ్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో డంప్స్ (పరీక్ష ప్రశ్నలు) బట్టీ కొట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాణ్ని బకెట్ సైజు ఎందుకింత అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు, అలా నేర్పినవాళ్లది.

అయ్యా కోచింగ్ సెంటర్ల పెద్దలూ, పాత స్విచ్ ఒకటి, రెండు ఐపీ ఫోన్లు, ఆగకుండా డౌన్‌లోడ్ చేసే ల్యాప్‌టాప్ ఒకటి బల్ల మీద పెట్టండి. పిల్లలను సెట్టింగులు చెడగొట్టనివ్వండి, మాట తెగడం చెవులారా విననివ్వండి, వాళ్లనే బాగుచేయనివ్వండి. గురువుగారు ఇప్పటికీ ఏ స్విచ్ ముందు కూర్చున్నా మొదట పోలీసర్ లెక్కలే తెరుస్తారు. పరిమితి లోపల ఎంత, బయట ఎంత అని రెండు అంకెలు. వాటిని చూసి ఓసారి తల పంకించి, అప్పుడు గానీ టీ ముట్టరు.