ఎక్కడ ఆపాలో తెలిసిన చేతులు

చైనా బ్లాక్ టీలు మూడింటిని పక్కపక్కన పెట్టుకుని తాగితే పనితనమంటే ఏమిటో నాలుకే చెబుతుంది. అన్హుయ్ రాష్ట్రపు కీమున్, యునాన్ డియన్‌హాంగ్, ఫుజియాన్‌లోని వూయీ కొండల్లో టోంగ్ము ఊరి లాప్సాంగ్ సూచాంగ్. మూడింటికీ పని ఒకటే. కోసిన ఆకును వాడబెడతారు, రసం పైకి వచ్చేలా నలిపి చుడతారు, గాలి తగిలి ఎర్రబడనిస్తారు, సెగపెట్టి ఆరబెడతారు. ఏ పనిని ఎక్కడ ఆపారన్న దగ్గరే దారులు వేరవుతాయి.

పోల్చి చూడటానికి టీ పరీక్షకుల పద్ధతే మేలు. తెల్ల పింగాణీ కప్పులో 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, 5 నిమిషాలు మూత. పాలు, పంచదార వద్దు. తాగే ముందు తడి ఆకు వాసన చూడాలి.

డియన్‌హాంగ్ మొదట ఆకట్టుకుంటుంది. జపాన్‌తో యుద్ధంలో తూర్పు టీ ప్రాంతాలకు ముప్పు వచ్చినప్పుడు, 1938-39లో టీ నిపుణుడు ఫెంగ్ షావోచియు యునాన్‌లోని ఫెంగ్‌చింగ్‌లో దీన్ని తయారు చేయించారు. అస్సాం టీ రకానికి చెందిన పెద్దాకు ఇది. మొగ్గల మీది తెల్లని నూగుకు రసం పట్టి, ఎర్రబడే దశలో బంగారు రంగు తేలుతుంది. గట్టిగా నలిపితే మొగ్గ విరుగుతుంది, నూగు రాలుతుంది. అందుకే ఇక్కడి నేర్పంతా చేతి బిగువును అదుపులో పెట్టుకోవడంలోనే ఉంది. రుచి చిక్కన, తేనె తీపి. మంచి డియన్‌హాంగ్ చల్లారితే తేటదనం పోయి మబ్బుపడుతుంది. కెఫీన్, థియాఫ్లావిన్లు అనే రంగు పదార్థాలు కలిసి గడ్డకట్టడమే అందుకు కారణం. అది లోపం కాదు, ఆకులో సారం ఉందనడానికి గుర్తు.

టోంగ్ములో పాత పద్ధతి మేడ చెక్కతో కట్టినది. కింద పైన్ కట్టెలు మండిస్తే ఆ వేడి, పొగ పై అంతస్తులకెక్కి ఆకును వాడబెడతాయి. ఎర్రబడిన ఆకును కాసేపు వేడి ఇనుప మూకుడులో వేయించి ఆ మార్పును ఆపుతారు. తర్వాత మళ్లీ పొగలో ఆరబెడతారు. నాసిరకం సరుకులో పొగ ఒక్కటే మిగులుతుంది. అసలైనదానిలో పొగ వెనక ఎండు లాంగన్ పండు తీపి నిలుస్తుంది. అదే ఊళ్లో 2005లో పుట్టిన జిన్ జున్ మెయ్‌కి పొగ లేదు, అంతా మొగ్గలే. అరకిలోకు యాభై వేలకు పైగా మొగ్గలు కావాలంటే కోసేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. అయినా నా మనసు పొగమేడ పనివాళ్ల వైపే మొగ్గుతుంది.

మూడింటిలో నా ఓటు మాత్రం కీమున్‌కే. 1870ల నుంచి చేస్తున్న ఈ టీది చిన్నాకు. డియన్‌హాంగ్‌లా మెరిసే మొగ్గలు దీనికి ఎక్కువ ఉండవు, లాప్సాంగ్‌లా పొగ తోడు కూడా లేదు. ఉన్నదల్లా పనే. ఆరిన ఆకును రకరకాల జల్లెళ్లలో పట్టి, పొడుగువాటిని తుంచి, తేలికవి గాలికి ఎగరగొట్టి, కాడలు ఏరి, చివరికి సన్న సెగ మీద మళ్లీ ఆరబెడతారు. ఆ చివరి సెగ దగ్గరే పరీక్ష. ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే పచ్చి వాసన. సరిగ్గా కుదిరితే గులాబీకీ ఆర్కిడ్ పువ్వుకూ మధ్య ఎక్కడో ఉండే పరిమళం, వెనకే బెల్లపు తీపి, వగరు ఛాయ మాత్రమే. తాగడం అయ్యాక కూడా ఖాళీ కప్పులో ఆ వాసన ఉంటుంది.

పాలు పోసుకునే అలవాటు మానలేనివాళ్లు డియన్‌హాంగ్‌తో మొదలుపెట్టండి, అది పాలను తట్టుకుంటుంది. కీమున్‌ను మాత్రం ఒక్కసారైనా పాలు, పంచదార లేకుండా తాగి చూడండి.