ప్రసవపు తేదీ: ఒక గడి కథ

గర్భిణీస్త్రీలకు ప్రభుత్వంవారిచ్చే మాతా శిశు సంరక్షణ కార్డును చదువదగిన గ్రంథంగా ఎవరూ భావించరు. చిక్కడపల్లిలోగాని, నారాయణగూడలోగాని, అశోక్‌నగర్‌లోగాని అది బీరువాలో స్కానింగు కాగితాల నడుమ ఉంటుంది; పరీక్షకు వెళ్ళేనాడు బయటికి వస్తుంది. ఇంటిల్లిపాదీ శ్రద్ధగా చూచేది అందులో ఒకే గడి: ప్రసవపు తేదీ. విమర్శింపదగినదీ ఆ గడియే.

ఈ తేదీని కట్టే సూత్రం జర్మనీలోని హైడెల్‌బర్గులో ప్రసూతిశాస్త్రం బోధించిన నేగెలె (1778–1851) పేరున ప్రసిద్ధమైనది. కడపటి బహిష్టు మొదలైన దినానికి 7 రోజులు కలిపి, మూడు నెలలు వెనుకకు జరుపవలెను. జనవరి 10 అయితే అక్టోబరు 17 వస్తుంది. మొత్తం 280 రోజులు, అనగా 40 వారాలు. గర్భధారణ నిజానికి జరిగేది సుమారు రెండు వారాల తరువాత గనుక శిశువు కడుపులో ఉండేది 266 రోజులే. చాంద్రమాసానికి ఇరవై తొమ్మిదిన్నర రోజుల చొప్పున తొమ్మిది మాసాలకు వచ్చేదీ దాదాపు అంతే! నవమాసాల మాటలో లెక్క తప్పలేదన్నమాట. పైగా మన ముసలమ్మలు తేదీ చెప్పక, “నెలలు నిండినవి” అని ఊరుకొనేవారు. అచ్చుగడికి ఆ జాగ్రత్త లేదు. (ఏడవ నెల బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదు అన్నదీ వారి మాటే, అది మాత్రం శుద్ధ అబద్ధం. కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకు లాభమే.)

సరిగా ఆ తేదీనే పుట్టేవారు నూటికి నలుగురైదుగురు. తక్కినవారిలో అధికసంఖ్యాకులు 37, 42 వారాల మధ్య ఎప్పుడైనా పుట్టవచ్చును. ఎనిమిదవ నెల స్కానింగులో వేరొక తేదీ కనబడితే, పరీక్ష వాయిదాపడిన వార్త విన్న చిక్కడపల్లి గ్రంథాలయపు విద్యార్థులవలె ఇంటివారు కలవరపడతారు. కలవరం అనవసరం. మొదటి మూడు నెలలలో తీసిన కొలతే నమ్మదగినది. చివరి నెలల కొలత రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చును.

ఇంతకంటె ఆందోళనకరమైనది, ఆ తేదీకి ముందు మంచి ముహూర్తం వెదకి శస్త్రచికిత్సతో బిడ్డను తీయించడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు సిజేరియన్లు; ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. అన్నిటికీ ముహూర్తమే కారణం కాదు, కొన్ని ప్రాణావసరాలు. కాని 37, 38 వారాలకే, నొప్పులు రాకుండా తీసిన శిశువుకు ఊపిరితిత్తులలోని ద్రవం పూర్తిగా ఇంకక శ్వాసకష్టం కలిగే అవకాశం హెచ్చు. అందుచేతనే వైద్యకారణం లేనప్పుడు 39 వారాలు నిండనీయవలెనని ప్రసూతి వైద్యులు చెప్తున్నారు.

కార్డులో మెచ్చదగినది ప్రమాదచిహ్నాల పుట. రక్తస్రావం, తలనొప్పితో చూపు మసకబారడం, హఠాత్తుగా వాపు, మూర్ఛ, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం—ఇవి బొమ్మలతో ఉన్నవి. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బడం, పొట్ట అప్పుడప్పుడు బిగిసి సడలడం చివరి నెలలలో సహజం. ముఖం ఉబ్బి, రక్తపోటు 140/90కి చేరితే సహజం కాదు. బిడ్డ కదలికలు తగ్గినా ఆనాడే వైద్యుని చూడవలెను. ఈ పుటను ఇంటిలో ఎంతమంది చదివారో అనుమానమే.

ఆ గడిలో ఒక తేదీకి మారుగా రెండు తేదీలు వేయవచ్చును. మొదటిది 39 వారాలు నిండేది. కారణం లేకుండా అంతకు ముందు తొందరపడరాదు. రెండవది 41 వారాలు నిండేది. అప్పటికి నొప్పులు రాకుంటే తెప్పించే విషయం వైద్యులు ఆలోచిస్తారు. పై ఉదాహరణలో అవి అక్టోబరు 10, అక్టోబరు 24.