మినిట్స్ పుస్తకంలో ఖాళీ జాగా

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3లోనూ పక్కనే ఉన్న చరోదా రైల్వే కాలనీల్లోనూ మన తెలుగు సంఘాలు ఉక్కు ఫ్యాక్టరీతో, మార్షలింగ్ యార్డుతో పాటే పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చినవాళ్లు జీతంలోంచి తీసిచ్చిన చందాలతోనే ఉగాదులు, వినాయక చవితులు జరిగాయి. ఆ డబ్బు ఖర్చుపెట్టే కమిటీల్లో నేను చాలాకాలంగా మినిట్స్ రాస్తున్నాను.

టీలయ్యాక ఎవరో ఒకరు అంటారు, "మీరు రాసేయండి మాస్టారూ, తర్వాత సంతకాలు పెట్టేస్తాం." అక్కడ నేను ఒప్పుకోను. తీర్మానానికీ సంతకాలకీ మధ్య నాలుగు లైన్లు ఖాళీ ఉంటే రేపు అందులో ఏ అంకైనా చేరొచ్చు. ఆ జాగాకి అడ్డంగా గీత కొట్టి, దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టించి, అందరికీ చదివి వినిపించాకే పుస్తకం మూస్తాను.

అసలు చిక్కు షామియానా దగ్గరొస్తుంది. కాంట్రాక్టు అధ్యక్షుడి బావమరిదికి ఇద్దామంటారు. ఆయన మంచివాడే, రేటూ తక్కువే కావచ్చు. కానీ అధ్యక్షుడు ఎదురుగా కూర్చుని ఉంటే కోశాధికారి రెండో కొటేషన్ బయటికి తీయడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే షిఫ్టు, మొహమాటం. అందుకే ఆ అంశం వచ్చినప్పుడు అధ్యక్షుడు బంధుత్వం చెప్పి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు నేను రాయాలి. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. నిజానికి రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

పెద్ద చదువులున్నా ఈ జాగ్రత్త దానంతటదే రాదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, తన చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి ఒప్పుకుంది. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లున్నారు. ఆ కొనుగోలును ఆపింది వాటాదారుల గొడవ. మూడు వారాలకే లెక్కల మోసం బయటపడింది. మన సంఘాలకు అలా గొడవ చేసే వాటాదారులు లేరు. చందా ఇచ్చిన రిటైర్డ్ కార్మికుడు రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు.

చట్టం ఉంది. ఇక్కడి సొసైటీలు 1973 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కి పంపాలి. సంస్థ సొమ్ముతో కార్యవర్గం వాళ్లో, వాళ్ల బంధువులో అనుచితంగా లాభపడితే ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. అయితే ఆ ఆఫీసుల కంట్లో పడేసరికి పండగ అయిపోతుంది, షామియానా విప్పేస్తారు.

అందుకే ఈ ఏడు సర్వసభ్య సమావేశాల్లో రెండు మాటలు బైలాలో చేర్చమని అడుగుతున్నాను. బంధువుల కొటేషన్ వస్తే ఆ సభ్యుడు గదిలో ఉండకూడదు. సమావేశానికి గంట ముందు వోచర్ల ఫైలు, రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు బల్లమీద పెట్టాలి. ఐదు వందలు ఇచ్చినవాళ్లయినా సరే, వచ్చి తిరగేసుకోవచ్చు.